ఇంట్లో కంప్యూటర్ భద్రంగా, చురుగ్గా ఉండాలంటే ఏ పని ముందు, ఏ పని తర్వాత

2024 సెప్టెంబరు 1న బుడమేరు నీళ్లు సింగ్ నగర్‌లోకి వచ్చినప్పుడు జనం పిల్లల్నీ, పెద్దవాళ్లనీ, గ్యాస్ సిలిండర్లనీ డాబా మీదికి చేర్చుకోవడానికే సమయం సరిపోయింది. టేబుల్ కింద నేల మీద ఉన్న సీపీయూ బాక్సు ఎవరికి గుర్తొస్తుంది? నీళ్లు తీశాక నా దగ్గరికి వచ్చిన బాక్సులన్నీ ఒకేలా ఉండేవి. సైడు మూత విప్పితే మదర్‌బోర్డు మీద ఒండ్రు ఎండి బీటలు వారి ఉండేది. ఫ్యాను రెక్కల మధ్య మట్టి గడ్డ కట్టి, వేలితో తిప్పినా కదిలేది కాదు. పాయకాపురం నుంచి వచ్చిన ఒక పెద్దావిడ అసలు బాక్సు సంగతే అడగలేదు. "ఇది పోతే పోయింది బాబూ, మా ఆయన ఫోటోలు ఇందులోనే ఉన్నాయి, అవొక్కటి వస్తాయేమో చూడు" అన్నారు. హార్డ్‌డిస్క్ లోపలికి నీళ్లు వెళ్లిపోయాయి. ఫోటోలు రాలేదు.

విజయవాడలో ఇళ్లకు వెళ్లి కంప్యూటర్లు బాగుచేసే పని నాది. వైరస్ రాకుండా ఏం చెయ్యాలి, స్లో అయితే ఏం చెయ్యాలి అని అందరూ అడుగుతారు. అవన్నీ చెబుతాను. కానీ ఏ ఇంటికి వెళ్లినా ముందు చేయించే పని మాత్రం కాపీ తియ్యడం. మిగతావన్నీ డబ్బు పెడితే మళ్లీ వస్తాయి.

ముందు కాపీ

1 టీబీ ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ ఒకటి కొనండి. ఫోటోలు, పిల్లల సర్టిఫికెట్లు, పొలం కాగితాల స్కాన్‌లు, అన్నీ కలిపినా మామూలు ఇంటికి అది సరిపోతుంది. యూఎస్‌బీకి తగిలించి డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్, డౌన్‌లోడ్స్ ఫోల్డర్లు నాలుగూ కాపీ చెయ్యండి. చాలామంది డెస్క్‌టాప్‌ని మర్చిపోతారు. తీరా చూస్తే ముఖ్యమైనవన్నీ అక్కడే పడేసి ఉంటాయి. వ్యాపారం లెక్కలు రాసే ట్యాలీ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు డేటా ఏ ఫోల్డర్‌లో ఉందో చూసుకుని, ట్యాలీ మూసేశాక ఆ ఫోల్డర్ కూడా కాపీ తియ్యాలి. ఫోన్‌లో ఉన్న వాట్సాప్ ఫోటోలూ ఇందులోకే రావాలి.

కాపీ చేసిన ఫోల్డర్‌కి ఆ రోజు తేదీనే పేరుగా పెట్టండి. వచ్చే నెల ఇంకో తేదీతో ఇంకో ఫోల్డర్. పాతదాని మీద కొత్తది వెయ్యొద్దు. ఈ నెలలో ఏదైనా ఫైలు పాడై ఉంటే, ఆ పాడైన ఫైలే పోయిన నెల మంచి ఫైలును తుడిచేస్తుంది. డిస్కు నిండినప్పుడు అన్నిటికంటే పాత ఫోల్డర్ తీసేస్తే చాలు.

"మాది డి డ్రైవ్‌లో కాపీ ఉందిలెండి" అని చాలామంది ధీమాగా చెబుతారు. సి, డి, ఈ అని మూడు కనబడినా చాలా ఇళ్లలో లోపల ఉన్నది ఒకటే డిస్కు. ఒకే బీరువాలో మూడు అరల్లాంటివి అవి. బీరువా మునిగితే మూడూ మునుగుతాయి. అందుకని డి డ్రైవ్‌లో ఉన్నదాన్ని కాపీగా లెక్కపెట్టొద్దు.

కాపీ అవగానే డిస్కు ఊడదీసి పైన అటక మీదో, బీరువా పై అరలోనో పెట్టండి. ఎప్పుడూ తగిలించే ఉంచితే, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే ర్యాన్‌సమ్‌వేర్ వచ్చిన రోజున ఈ డిస్కులో ఉన్నవాటికీ తాళం పడుతుంది. ఈ పనిలో ఉన్నవాళ్లు మూడు, రెండు, ఒకటి అని ఒక లెక్క చెబుతారు. మొత్తం మూడు ప్రతులు, రెండు రకాల చోట్ల, అందులో ఒకటి ఇంటికి దూరంగా. దూరం అంటే గుంటూరులో మీ అక్కయ్యగారి ఇల్లు కావచ్చు, గూగుల్ డ్రైవ్ కావచ్చు. గూగుల్ 15 జీబీ, వన్‌డ్రైవ్ 5 జీబీ ఉచితంగా ఇస్తాయి. ఇంటి ఫోటోలన్నీ పట్టకపోయినా సర్టిఫికెట్లకూ, ఎంచిన కొన్ని ఫోటోలకూ అది చాలు. ఒక్క సంగతి గుర్తుంచుకోండి. కంప్యూటర్‌తో సింక్ అయ్యే, అంటే రెండు చోట్లా ఎప్పుడూ ఒకేలా ఉండే ఫోల్డర్‌లో ఇక్కడ చెరిపితే అక్కడా చెరుగుతుంది. గూగుల్ డ్రైవ్ ట్రాష్‌లో 30 రోజులు ఉండి ఆ తర్వాత పూర్తిగా పోతుంది. అందుకే ఆన్‌లైన్‌లో ఉన్నాయి కదా అని ఎక్స్‌టర్నల్ డిస్కు మానెయ్యొద్దు.

కాపీ తీసిన డిస్కును వేరే కంప్యూటర్‌కి తగిలించి, నాలుగైదు ఫోటోలు, ఒక పీడీఎఫ్ తెరిచి చూడండి. పేర్లు కనబడి ఫైళ్లు తెరుచుకోని డిస్కులు నేను చాలా చూశాను.

ఇంకొకటి. విండోస్ 11 ఉన్న చాలా ల్యాప్‌టాప్‌లలో డిస్కుకి బిట్‌లాకర్ తాళం మీకు తెలియకుండానే పడి ఉంటుంది. ఏదైనా రిపేరు చేశాక అది 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. ఆ కీ సాధారణంగా మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో సేవ్ అయి ఉంటుంది. ఇవాళే లాగిన్ అయి, కాగితం మీద రాసుకుని బీరువాలో పెట్టండి. అది లేకపోతే ఎంత పెద్ద మెకానిక్ అయినా ఆ డిస్కు తెరవలేడు.

తర్వాత విండోస్ అప్‌డేట్

మీది ఏ విండోసో తెలుసుకోవడానికి విండోస్ గుర్తున్న కీ, ఆర్ కలిపి నొక్కి, ఇంగ్లిషులో విన్‌వెర్ (winver) అని టైప్ చేసి ఎంటర్ కొట్టండి. విండోస్ 7కి 2020 జనవరి 14తో, విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్ట్ సపోర్టు ఆగిపోయింది. సపోర్టు ఆగినా కంప్యూటర్ నడుస్తూనే ఉంటుంది, అందుకే జనం పట్టించుకోరు. కొత్తగా బయటపడే కన్నాలకు మాట్లు పడవు, అంతే. ఆ "అంతే"తో ఏం జరుగుతుందో 2017 మే నెలలో చూశాం. వానాక్రై అనే ర్యాన్‌సమ్‌వేర్ ప్రపంచమంతా పాకింది, మన రాష్ట్రంలో పోలీసు కంప్యూటర్లకూ తగిలింది. అది దూరిన కన్నానికి మైక్రోసాఫ్ట్ ఆ మార్చిలోనే అప్‌డేట్ ఇచ్చింది. వేసుకున్నవాళ్లు నిశ్చింతగా ఉన్నారు.

విండోస్ 10 ఉంటే ముందు సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ తెరిచి, 11కి మారే అవకాశం చూపిస్తోందేమో చూడండి. 11కి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్థలం ఉండాలి, ప్రాసెసర్ కూడా మరీ పాతదై ఉండకూడదు. కొన్ని బోర్డుల్లో టీపీఎం ఉండి కూడా బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందు తెరుచుకునే బోర్డు సెట్టింగ్స్‌లో, ఆఫ్ చేసి ఉంటుంది. ఆన్ చేస్తే పనైపోతుంది. మారే వీల్లేని మిషన్లకు 2026 అక్టోబరు 13 వరకు సెక్యూరిటీ అప్‌డేట్‌లు ఇచ్చే ఏర్పాటు మైక్రోసాఫ్ట్ పెట్టింది, అదే విండోస్ అప్‌డేట్ పేజీ నుంచి చేరాలి. కేవలం బ్రౌజింగ్, యూట్యూబ్, మెయిల్ చూసుకునే పాత కంప్యూటర్ అయితే విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేయించుకోండి. ఉచితం, తేలిక, రెండు రోజుల్లో అలవాటైపోతుంది. సపోర్టు లేని విండోస్‌లో మాత్రం బ్యాంకు పని చెయ్యొద్దు.

అప్‌డేట్ నడుస్తుండగా స్విచ్ కట్టెయ్యడం అన్నిటికంటే చెడ్డ అలవాటు. రాత్రి భోజనానికి లేచే ముందు అప్‌డేట్ అండ్ రీస్టార్ట్ నొక్కి వెళ్లండి.

వైరస్ అనుకునేది చాలాసార్లు వైరస్ కాదు

సత్యనారాయణపురంలో రిటైరైన ఒక లెక్కల మాస్టారు కంగారుగా ఫోన్ చేశారు. వెళ్లి చూస్తే స్క్రీన్ కుడివైపు కింద మూలలో ఒకదాని మీద ఒకటి ఎర్ర పెట్టెలు లేస్తున్నాయి. మీ కంప్యూటర్‌లో ఐదు వైరస్‌లున్నాయి, వెంటనే ఇక్కడ నొక్కండి అని. ఒకటి మూస్తే రెండు వస్తున్నాయి. ఆయన అప్పటికే కార్డు తీసి పక్కన పెట్టుకున్నారు, దాన్లో చెప్పిన యాంటీవైరస్ కొందామని. ఆ పెట్టెను దగ్గరగా చూడమన్నాను. కింద సన్న అక్షరాల్లో బ్రౌజర్ పేరూ, ఏదో ముక్కూమొహం తెలియని వెబ్‌సైట్ పేరూ ఉన్నాయి. ఎప్పుడో పంచాంగం చూడబోతే ఒక సైట్ "అలో" నొక్కమంది, ఆయన నొక్కారు. ఆ రోజు నుంచి ఆ సైట్‌కి ఆయన స్క్రీన్ మీద ప్రకటనలు వేసుకునే హక్కు దొరికింది. లోపల వైరస్ లేనే లేదు.

మీకూ ఇలా వస్తుంటే క్రోమ్‌లో పైన కుడివైపున్న మూడు చుక్కలు నొక్కి, సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్ అనే దారిలో వెళ్లండి. అనుమతి ఉన్న సైట్ల జాబితా కనబడుతుంది. మీ మెయిల్ లాంటివి తప్ప మిగతావన్నీ తీసెయ్యండి. పైనే, ఏ సైటూ నోటిఫికేషన్ల కోసం అడగకుండా చేసే ఎంపిక ఉంటుంది, అది పెట్టేయండి. రెండు నిమిషాల పని. అక్కడే ఎక్స్‌టెన్షన్ల పేజీ కూడా తెరిచి, మీరు పెట్టుకోనివి కనబడితే తొలగించండి.

దీనికంటే ప్రమాదకరమైనది స్క్రీన్ మొత్తం కమ్మేసి, సైరన్ మోగిస్తూ, ఈ నంబరుకి ఫోన్ చెయ్యండి అనేది. మైక్రోసాఫ్ట్ ఇచ్చే హెచ్చరికల్లో ఫోన్ నంబరు ఎప్పుడూ ఉండదు. నంబరు కనబడిందంటే అది మోసం, ఇక ఆలోచించాల్సిన పని లేదు. టెన్షన్ పడకుండా ఎస్కేప్ కీ కాసేపు నొక్కి పట్టుకోండి. పోకపోతే ఆల్ట్, ఎఫ్4 కలిపి నొక్కండి. అప్పటికీ పోకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది, అందులో బ్రౌజర్ మీద ఎండ్ టాస్క్. మళ్లీ తెరిచినప్పుడు పాత పేజీలు తేవాలా అని అడిగితే వద్దనండి. ఎవరైనా ఫోన్ చేసి, దూరం నుంచే మీ కంప్యూటర్‌ని నడిపే ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ లాంటివి వేసుకోమంటే, వాళ్లు మీరు స్వయంగా పిలిచిన, మీకు తెలిసిన మనిషి కాకపోతే ఫోన్ పెట్టేయండి.

జెరాక్స్ షాపు పెన్‌డ్రైవ్, క్రాక్ సాఫ్ట్‌వేర్

అసలైన వైరస్‌లు మన ఇళ్లలోకి వచ్చే పెద్ద దారులు ఈ రెండే. హాల్ టికెట్ ప్రింటుకని పిల్లవాడు పెన్‌డ్రైవ్ పట్టుకెళ్తాడు. తిరిగొచ్చాక చూస్తే ఫోల్డర్లన్నిటికీ ఎడమ మూలలో చిన్న వంపు బాణం గుర్తు. అవి ఫోల్డర్లు కావు, షార్ట్‌కట్లు. నొక్కితే వైరస్ నడుస్తుంది. మీ అసలు ఫైళ్లు పోలేదు, అది వాటిని దాచేసింది, అంతే. కంగారుపడి ఏదీ నొక్కకుండా పెన్‌డ్రైవ్ గుర్తు మీద రైట్ క్లిక్ చేసి, విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్‌తో స్కాన్ చేయించండి. ఇకముందు బయటికి తీసుకెళ్లడానికి ఒక చిన్న పెన్‌డ్రైవ్ విడిగా ఉంచి, అందులో ప్రింట్ కావాల్సిన ఆ ఒక్క ఫైలే పెట్టండి. ఇంటికొచ్చాక తెరవకుండానే ఫార్మాట్ కొట్టేయండి. ఆధార్ ప్రింట్ అయితే చివరి నాలుగంకెలే కనబడే మాస్క్‌డ్ ఆధార్ దొరుకుతుంది. పూర్తి నంబరు అడగని పనికి అదే ఇవ్వండి.

ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ మెనూకి వెళ్లి ఫైళ్ల తోకపేర్లు (ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్) కనబడేలా పెట్టుకోవడం కూడా మంచిది. బిల్లు అని వచ్చిన ఫైలుకి చివర పీడీఎఫ్ ఉండాలి. ఈఎక్స్‌ఈ అని ఉంటే తెరవకండి.

క్రాక్ అంటే డబ్బు కట్టకుండా వాడుకునేలా తాళం విరిచిన సాఫ్ట్‌వేర్. దాని సంగతి కాస్త గట్టిగానే చెప్పాలి. విండోస్ యాక్టివేటర్, ఫోటో ఎడిటింగ్, తెలుగు టైపింగ్ ప్యాకేజీల క్రాక్‌లు, పిల్లల గేమ్ మోడ్‌లు, అన్నీ ముందుగా అడిగేది ఒకటే: యాంటీవైరస్ ఆఫ్ చెయ్యండి అని. కాపలావాణ్ణి పంపించెయ్యమని అడిగేవాడికి తలుపు తీస్తారా? మీ సిస్టమ్‌లో ఎవరైనా ఇదివరకే ఇలాంటివి వేసి ఉంటే ఇలా పట్టుకోవచ్చు. విండోస్ సెక్యూరిటీ తెరిచి, వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్‌లో మేనేజ్ సెట్టింగ్స్‌కి వెళ్లి, కిందున్న ఎక్స్‌క్లూజన్స్ చూడండి. మీరేమీ పెట్టకపోతే అది ఖాళీగా ఉండాలి. సి డ్రైవ్ మొత్తం అందులో ఉందంటే మీ డిఫెండర్ ఇన్నాళ్లూ కళ్లు మూసుకుని ఉన్నట్టే. ఆ కంప్యూటర్‌కి కాపీ తీసి, కొత్తగా విండోస్ వేయించడమే మేలు. మైక్రోసాఫ్ట్ ఆఫీస్ బదులు లిబ్రే ఆఫీస్ ఉచితం. తెలుగు టైపింగ్‌కి క్రాక్ అక్కర్లేదు. ఇంగ్లిషు అక్షరాలతో తెలుగు రాసే ఫోనెటిక్ కీబోర్డు 2019 నుంచి విండోస్‌లోనే ఉంది.

యాంటీవైరస్ కొనాలా అంటే, ఇంటి వాడకానికి విండోస్‌తో వచ్చే డిఫెండర్ చాలని నా అభిప్రాయం. కొనుక్కున్నది ఉంటే ఉండనివ్వండి, రెండోది మాత్రం వెయ్యొద్దు. రెండూ ఒకదాన్నొకటి అనుమానించుకుంటూ సిస్టమ్‌ని నడవనివ్వవు. పిల్లలకు అడ్మిన్ హక్కుల్లేని స్టాండర్డ్ అకౌంట్ విడిగా పెట్టండి. ఏదైనా ఇన్‌స్టాల్ చెయ్యాలంటే మీ పాస్‌వర్డ్ అడుగుతుంది.

పాస్‌వర్డ్, వైఫై

మెయిల్ పాస్‌వర్డ్ ఇంటి తాళాల గుత్తి లాంటిది. మిగతా అకౌంట్లన్నీ దాని నుంచే మార్చుకోవచ్చు కాబట్టి దాన్ని ఇంకెక్కడా వాడకండి, పాస్‌వర్డ్ తర్వాత ఇంకోసారి మీరేనా అని అడిగే టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చెయ్యండి. సంబంధం లేని నాలుగు తెలుగు మాటలు ఇంగ్లిషు అక్షరాల్లో కలిపి రాస్తే పొడవూ వస్తుంది, గుర్తూ ఉంటుంది. నోటుబుక్కులో రాసి బీరువాలో పెట్టుకోవడం తప్పేమీ కాదు. మానిటర్ మీద చీటీ అంటించడమే తప్పు.

వైఫై రౌటర్ బిగించినవాళ్లు పెట్టి వెళ్లిన పాస్‌వర్డ్ ఆ వీధిలో చాలా ఇళ్లకు ఒకటే అయ్యుండొచ్చు. వైఫై పాస్‌వర్డూ, రౌటర్ లోపలి అడ్మిన్ పాస్‌వర్డూ రెండూ మార్చేయండి. రౌటర్ సెట్టింగ్స్‌లో వైఫై సెక్యూరిటీ డబ్ల్యూపీఏ2 కానీ డబ్ల్యూపీఏ3 కానీ ఉండాలి.

స్లో అయితే

ముందు రీస్టార్ట్ చెయ్యండి. షట్‌డౌన్ కాదు, రీస్టార్టే. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ అనేది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినప్పుడు సిస్టమ్ సగం నిద్రే పోతుంది. రీస్టార్ట్‌లోనే పూర్తిగా కొత్తగా మొదలవుతుంది. రోజూ కట్టేస్తున్నాం కదా అనేవాళ్లకి ఈ ఒక్క మాటతో సగం సమస్య తీరిపోవడం చూశాను.

తర్వాత టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ యాప్స్ చూసి, ఆన్ చెయ్యగానే తమంతట తాము లేచేవాటిలో అక్కర్లేనివి డిజేబుల్ చెయ్యండి. యాంటీవైరస్, సౌండు, టచ్‌ప్యాడ్ తాలూకు వాటిని మాత్రం ముట్టుకోకండి. సి డ్రైవ్‌లో కనీసం ఐదో వంతు ఖాళీ ఉంచండి, సెట్టింగ్స్‌లో స్టోరేజ్ సెన్స్ ఆన్ చేస్తే చెత్త ఫైళ్లు అదే తీసేస్తుంది. స్పీడ్ బూస్టర్, రిజిస్ట్రీ క్లీనర్ అనేవి వెయ్యొద్దు, వాటివల్ల బాగుపడిన సిస్టమ్‌ని నేనింతవరకు చూడలేదు.

ఇవన్నీ చేసినా టాస్క్ మేనేజర్‌లో డిస్క్ 100 శాతం దగ్గరే కూర్చుంటే, లోపల ఉన్నది పాత తిరిగే హార్డ్‌డిస్కేమో చూడండి. దాన్ని తీసి, తిరిగే భాగాల్లేని వేగమైన డిస్కు ఎస్‌ఎస్‌డీ వేయించండి. పాత కంప్యూటర్‌కి పెట్టే ప్రతి రూపాయికీ ఇంతకంటే ఫలితం ఇచ్చేది ఇంకొకటి లేదు. ర్యామ్ 4 జీబీ ఉంటే 8 చేయించండి. పాత డిస్కు ఆరోగ్యంగా ఉంటే బయటి కేసులో పెట్టించుకుంటే రెండో కాపీకి పనికొస్తుంది.

ఎండ, దుమ్ము, కరెంటు

రోహిణి కార్తెలో బెజవాడ ఎండకి మనుషులే సోలిపోతారు. ప్రాసెసర్ వేడెక్కితే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించేసుకుంటుంది, మరీ ఎక్కువైతే ఆగిపోతుంది. మధ్యాహ్నం స్లో, రాత్రి బాగుంటోంది అంటే అది వైరస్ కాదు, దుమ్ము. ఏటా ఉగాదికి ముందు ఒకసారి, దసరాకి ఒకసారి క్యాబినెట్ విప్పండి. ప్లగ్ పీకి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి, మూత తీసి, మెత్తటి పెయింట్ బ్రష్‌తో, బ్లోయర్‌తో దుమ్ము ఊదండి. ఊదేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో పట్టుకోండి, లేకపోతే గాలికి విపరీతంగా తిరిగి దెబ్బతింటుంది. తడిగుడ్డ తగలనివ్వొద్దు. నల్లటి పవర్ సప్లై డబ్బాను మాత్రం విప్పొద్దు, ప్లగ్ తీశాక కూడా అందులో కరెంటు నిలిచి ఉంటుంది. వెనక ఖాళీ స్లాట్లుంటే మూయించండి, వాటిలోంచి బల్లులు దూరుతాయి. బాక్సుని గోడకు జానెడు ఎడంగా, నేల మీద కాకుండా ఎత్తులో పెట్టండి. ల్యాప్‌టాప్‌ని పరుపు మీద పెడితే కింద గాలి దారి మూసుకుపోతుంది.

డెస్క్‌టాప్‌కి యూపీఎస్ ఉండాల్సిందే. దాని బ్యాటరీ రెండు మూడేళ్లే నిలుస్తుంది. పని అంతా సేవ్ చేసి, ఒకసారి మెయిన్ స్విచ్ కట్టి చూడండి. వెంటనే ఆరిపోతే బ్యాటరీ మార్చాలి. లేజర్ ప్రింటర్‌ని యూపీఎస్‌కి తగిలించకండి. క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటోందా? ఎర్తింగ్ సరిగా లేదన్నమాట, ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. ఉరుములు మొదలైతే ప్లగ్‌తో పాటు నెట్ కేబుల్ కూడా పీకేయండి, పిడుగు తాలూకు కరెంటు ఆ తీగ మీద నుంచీ వస్తుంది.

నీళ్లలో తడిసిన కంప్యూటర్‌ని మాత్రం ఆరిందేమో చూద్దామని ఆన్ చెయ్యొద్దు. ఆ ఒక్కసారి ఆన్ చెయ్యడంతోనే మిగిలిన ఆశ కూడా పోతుంది. డిస్కు తీయించి, డేటా రికవరీ చేసేవాళ్లకి నేరుగా ఇవ్వండి.

జరగరానిది జరిగితే

ఫైళ్లు తెరుచుకోకుండా పేర్లు మారిపోయి, డబ్బు అడుగుతూ నోటు కనబడితే వెంటనే నెట్ కేబుల్ పీకండి, వైఫై కట్టేయండి. డబ్బు కట్టొద్దు, కట్టినా ఫైళ్లు వస్తాయన్న హామీ ఏమీ లేదు. స్క్రీన్‌ని ఫోన్‌తో ఫోటో తీసి పెట్టుకోండి.

బ్యాంకు నుంచి డబ్బు పోయిందంటే సిస్టమ్ సంగతి తర్వాత. ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి, బ్యాంకుకి చెప్పండి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బు చేతులు మారకముందే ఆపే అవకాశం అంత ఎక్కువ. ఫిర్యాదు సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో కూడా ఇవ్వొచ్చు. మెయిల్, బ్యాంకు పాస్‌వర్డులు వేరే ఫోన్ నుంచో, వేరే కంప్యూటర్ నుంచో మార్చండి. పాడైన దాంట్లోనే మారిస్తే కొత్త పాస్‌వర్డ్ కూడా దొంగ చేతికే ఇచ్చినట్టవుతుంది.

అప్పుడు అటక మీది డిస్కు గుర్తొస్తుంది. తొందరపడి తగిలించకండి. కంప్యూటర్ లోపలి డిస్కు ఫార్మాట్ చేసి, కొత్త విండోస్ వేసి, అప్‌డేట్‌లు పూర్తయ్యి, డిఫెండర్ ఆన్‌లో ఉందని చూసుకున్నాకే అటక మీది డిస్కును కిందికి దించండి.